కొండమీది మూడు ముక్కలు

చోడవరం,
ఏప్రిల్ 18.

ఒసే దుర్గా,

ఈ ఉత్తరంతో పాటు చిన్న స్టీలు డబ్బా కూడా వస్తుంది. ముందు డబ్బా తెరవకు, ఉత్తరం చదువు. నీ సంగతి నాకు తెలుసు, ఈపాటికే తెరిచేసుంటావు. సరే, మూత పెట్టి చదువు.

ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. మీ కొండమీద సిగ్నల్ దొరకాలంటే నువ్వు నీళ్ళ టాంకు మెట్లెక్కాలి. ఇక్కడ నేను హలో అనగానే మా అచ్చియ్యమ్మ వదిన స్టవ్వు కట్టేసి మరీ వింటుంది. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఊరందరి ఉత్తరాలకీ ముద్ర కొట్టినదాన్ని, నా గొడవ నేను ఉత్తరంలో రాసుకోకపోతే ఎలాగ?

కామేశం గారని చెప్పేనే, గోవాడ పంచదార ఫ్యాక్టరీ లాబ్‌లో కెమిస్టుగా చేసి రిటైరయ్యేరు. కొత్త స్టాంపులొస్తే తీసి ఉంచమని నెలకోసారి నా కౌంటరుకి వస్తారు. భార్య పోయి ఆరేళ్ళయింది. ఈమధ్య రిటైరైన వాళ్ళంతా ఒక జట్టుగా యూరప్ టూరు వెళ్ళొచ్చేరు. నిన్న కౌంటరు ఖాళీగా ఉన్న వేళ చూసి వచ్చి, పసుప్పచ్చటి పొడుగాటి అట్టపెట్టె నా ముందు పెట్టేరు. మూడు పలకల పెట్టె. పార్సిలు అనుకుని నేను తీసి తూకం మీద పెట్టేసేను! "అది మీకేనండి" అన్నారు. నవ్వలేదు, అదొక్కటే మేలు.

స్విట్జర్లాండ్ చాక్లెట్టట. టోబ్లెరోన్ అని పేరు. లోపల వెండికాగితం, కాగితంలో వరసగా పన్నెండు కొండలు. పాడేరు ఘాట్ ఎక్కుతుంటే బస్సు కిటికీలోంచి కనబడే వరసలాగే ఉంది. విరుద్దామంటే విరగదు. నేను ఇవతలికి లాగుతున్నాను, అది ససేమిరా అంటోంది. "అలాక్కాదండి, బొటనవేలితో కొసని పక్క కొండ మీదకి నొక్కండి" అన్నారు. నొక్కితే టక్కుమంది. తీసి నోట్లో వేసుకున్నాను.

అప్పుడన్నారే దుర్గా. "కనకవల్లి గారూ, మిమ్మల్ని పెళ్ళి చేసుకుందామనుకుంటున్నానండి. తొందరేం లేదు. మెల్లిగా తినండి. ఇది అయిపోయేలోగా ఏదో ఒకటి చెప్పండి. కాదన్నా నాకేం కోపం లేదు, చాక్లెట్టు మాత్రం వెనక్కివ్వకండి."

నోరు తెరవలేను, మింగలేను, ఉమ్మలేను. బల్లకి అవతల ఆయన, ఇవతల నేను, నోట్లో ఆ ముక్క. చివరికి మింగేసేను.

అసలు గొడవ అదే. మనవైపు సంబంధం కుదిరితే నోరు తీపి చేస్తారు కదా. ఆడపిల్ల తరపు పెద్దావిడ ఇద్దరి నోట్లోనూ బెల్లం ముక్క పెడుతుంది, ఆ తీపి మింగేక మాట వెనక్కి తీసుకోకూడదు. నేను అడక్కముందు నోట్లో వేసుకున్నాను, అడిగేక మింగేను. ఇది లెక్కలోకి వస్తుందా, రాదా? నిన్నటి నుంచీ ఇదే ఆలోచన.

జూన్ ముప్ఫైకి నేను రిటైరు, జూలై నెలాఖరుకి నువ్వు. ఆ తరవాత ఇద్దరం కలిసి ఒకచోట ఉందామని అనుకున్నది నేను మర్చిపోలేదు. మనం కొన్న పేము కుర్చీలు రెండూ మా మేడమీది గదిలో దుప్పటి కప్పుకుని నీకోసం చూస్తున్నాయి. అందుకే నీకు చెప్పకుండా ఆయనకి ఏదీ చెప్పను.

డబ్బాలో నీకు మూడు ముక్కలు పెట్టేను. రుచి ఎలా ఉందో నేను రాయను. ఉద్యోగాల కొత్తలో ఒకే హాస్టల్లో ఉండి చేసేవాళ్ళం చూడు, ఒకే పండు చెరోవైపూ కొరికి, తరవాత చెప్పుకునేవాళ్ళం, అలాగ. నువ్వు తిని రాయి.

నీ
వల్లి


జి. మాడుగుల,
ఏప్రిల్ 27.

ఒసే వల్లీ,

డబ్బా అందింది. నువ్వన్నట్టే మూత తీసేకే ఉత్తరం చదివేను. పిల్లలంతా నిన్ననే సెలవులకి ఊళ్ళకి పోయేరు. వార్డెన్ని కదా, కాపలా కుక్కలాగ నేనూ, వాచ్‌మన్ బంగార్రాజూ మిగిలేం.

చాక్లెట్టు తిన్నాను. మూడూ వరసగా తినేసేను. బాగుంది. జీడిపప్పు బాగా వేసేరు. నోట్లో పెట్టుకోగానే నేతి మైసూరుపాకులాగ జారిపోయింది. అంతకన్నా రాయడానికేముంది, చాక్లెట్టే కదా.

నీ సందేహానికి జవాబు: లెక్కలోకి రాదు. నోరు తీపి చెయ్యాల్సింది ఆడపిల్ల తరపు పెద్దావిడ. పెళ్ళికొడుకే తెచ్చి, తూకం పక్కన పెట్టి, కొండని నొక్కడం నేర్పించి తినిపిస్తే అది నోరు తీపి కాదు, లాబ్ పరీక్ష. కాబట్టి హాయిగా పడుకో.

అయినా నీకేటే ఈ వయసులో? అరవయ్యేళ్ళొస్తే డాక్టర్లు ఆవకాయ తగ్గించమంటారు గానీ పెళ్ళి చేసుకోమనరు. ఆయన్ని నేనూ చూసేను, మొన్న దసరా సెలవులకి వచ్చినప్పుడు. మెడదాకా గుండీ పెట్టుకుని, ఒక్క స్టాంపుని భూతద్దంతో పది నిమిషాలు చూసేడు. రేపు నీ పప్పుని కూడా అలాగే చూస్తాడు. ఉప్పు ఎంత శాతమో కాగితం మీద రాసిస్తాడు.

నా కుర్చీ కిటికీ వైపు వెయ్యి. అది ముందునుంచీ నాదే. జూలై ముప్ఫయ్యొకటిన చార్జి అప్పగించి, ఆగస్టు ఒకటో తారీఖు మొదటి బస్సుకి ట్రంకుపెట్టెతో దిగుతాను. ఇది మాత్రం మర్చిపోకు.

దుర్గ


చోడవరం,
మే 8.

ఒసే దుర్గా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివేను. హాయిగా పడుకోమన్నావు. పడుకోవడం మాట దేవుడెరుగు, కూర్చోలేకపోతున్నాను. నిన్న రిజిస్టరు ఉత్తరాలన్నిటికీ ముందురోజు తారీఖు ముద్ర కొట్టేను. ముప్ఫై ఎనిమిదేళ్ళలో మొదటిసారి. సాయంత్రం ఇంటికి పోవాల్సిన దాన్ని బస్టాండు దాకా పోయి, ఎందుకు వచ్చేనో తెలియక, అరటిపళ్ళు కొనుక్కుని వెనక్కొచ్చేను. ఇంట్లో అరటిపళ్ళు అప్పటికే ఉన్నాయి.

మొదటి రెండ్రోజులూ రోజుకో ముక్క తిన్నాను. ఆ తరవాత భయం వేసింది. ఇలా అయితే వారంలో అయిపోతుంది, ఏం చెప్పాలి? అందుకని ముక్కని చాకుతో రెండు చేసి పదిరోజులకో సగం తింటున్నాను. పోనీ ఫ్రిజ్ తలుపులో పెట్టి మర్చిపోదామంటే, ఫ్రిజ్ తెరిచిన ప్రతిసారీ ఆ పచ్చపెట్టె కనబడుతుంది. పాలగిన్నె కోసం తెరిచి, పాలు తియ్యకుండా మూసేస్తున్నాను.

కామేశం గారు వచ్చేరు. పెళ్ళి మాట ఎత్తలేదు. స్టాంపులు చూసుకుని, వెళ్ళబోతూ "ఎన్ని మిగిలేయండి?" అన్నారు. "ఆరు" అన్నాను. అయిదే ఉన్నాయి. ఆయన తలూపి వెళ్ళిపోయేరు. ఆ అబద్ధం ఎందుకాడేనో తెలుసా? ఇంకోరోజు ఆయన అలా అడుగుతారని.

చెప్పకపోతే నీకు ద్రోహం చేసినట్టు ఉంటుంది కాబట్టి చెప్తున్నాను. ఆయన భూతద్దం నాకు నచ్చుతుందే. చిన్న వస్తువుని అంత ఓపిగ్గా చూసే మనిషి మా ఇంట్లో లేడు. అన్నయ్య నా మొహం చూసి మాట్లాడి ఎన్నాళ్ళయిందో.

ఒక ఆలోచన వచ్చింది, తిట్టకు. ఆయనది మేడ. పైవాటా ఖాళీగా ఉంది, నాలుగు వైపులా కిటికీలే. నువ్వు పైన, మేం కింద. సాయంత్రాలు ముగ్గురం కూర్చోవచ్చు. మన రెండు కుర్చీల పక్కన మూడోది కొంటే సరిపోతుంది.

ఇంకో సంగతి. నీకు జీడిపప్పు తగిలిందన్నావు కదా, పళ్ళకి ఏమైనా అంటుకుందా? ఊరికే అడుగుతున్నాను.

నీ
వల్లి


జి. మాడుగుల,
మే 19.

కనకవల్లికి,

పళ్ళకి ఏమీ అంటుకోలేదు. గుటుక్కున దిగిపోయింది. పనికిమాలిన ప్రశ్నలు అడక్కు.

మూడో కుర్చీ ఏటి? మనం అనకాపల్లి బజారంతా తిరిగి, ఒకేలాంటివి రెండు కావాలని, షాపువాడు మూడోది తక్కువకి ఇస్తానన్నా వద్దని తెచ్చుకున్నాం. ఎందుకు వద్దన్నాం? మూడో మనిషి లేరు కాబట్టి. ముసలి మొగుడూ పెళ్ళాల ఇంట్లో పైవాటాలో ఉండే స్నేహితురాలు అంటే ఏటో నీకు తెలుసా? కబురు పంపితే దిగాలి, నవ్వులు వినబడితే ఆగిపోవాలి. నాకు అలాంటి కిటికీలు అక్కర్లేదు.

నువ్వు మర్చిపోయేవు గానీ నేను మర్చిపోలేదు. నీకు ఇరవై రెండేళ్ళప్పుడు నర్సీపట్నం వాళ్ళొచ్చేరు. మీ అమ్మ మేనత్త నీ నోట్లో బెల్లం పెట్టింది. తీపి తిన్న పదో రోజుకి వాళ్ళు వద్దని ఉత్తరం రాసేరు. ఏడాదిపాటు నువ్వు తీపి ముట్టలేదు. టీలో కూడా పంచదార వేసుకోలేదు. హాస్టల్లో మంచం మీద గోడ వైపు తిరిగి పడుకునేదానివి. అప్పుడు నీ నోట్లో మొదటి తీపి ముక్క పెట్టింది ఎవరు? నేను. బతిమాలి, తిట్టి, పీక నొక్కినంత పని చేసి పెట్టేను. మళ్ళీ ఎవడో వచ్చి తీపి చూపించేసరికి బస్టాండు దాకా పరుగెట్టేవు.

ఆయనకి బీపీ ఉందని నువ్వే రాసేవు కిందటేడు. రేపు మంచాన పడితే నువ్వు నర్సువి. అది గుర్తుంచుకో.

ఇంక నీ ఇష్టం. నేను చెప్పేదేమీ లేదు.

దుర్గాదేవి


చోడవరం,
జూన్ 4.

దుర్గా,

నీ ఉత్తరం చదివి మూడు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. నర్సీపట్నం సంగతి ఎత్తకుండా ఉండాల్సింది. తరవాత ఇక్కడ ఒకటి జరిగింది, కోపం సగం పోయింది. విను.

ఫ్రిజ్‌లో నాలుగు కొండలు మిగిలేయి. శనివారం ఆఫీసు నుంచి వచ్చి చూద్దును కదా, ఫ్రిజ్ తలుపులో పెట్టె లేదు. ఇల్లంతా వెతికేను. వదిన వంటింట్లోంచి తాపీగా వచ్చింది. బుచ్చయ్యపేటలో బెల్లం వండే ఇంట్లో పుట్టిన మనిషి కదా, తీపి గురించి ఆవిడకి తెలియనిది లేదనుకుంటుంది.

"ఆ పచ్చపెట్టా? నువ్వేటమ్మా, సదుంకున్నదానివి, తీపి సరుకు ఫ్రిజ్‌లో ఎట్టేవు! సెమ్మ పట్టిపోదూ? మా పుట్టింట్లో బెల్లం ఎప్పుడూ పొయ్యి మీద అటకలోనే ఎడతాం. ఏడాదైనా ఎండుగా ఉంటాది. నీకెంత ఇష్టమో సూసేను కదా, పాడైపోద్దని నేనే తీసి అటకెక్కించేను."

ఎప్పుడు అంటే గురువారమట! ఈ ఎండల్లో, కింద రెండు పూటలా స్టవ్వు మండుతుంటే! స్టూలెక్కి దింపేను. వెండికాగితం విప్పితే కొండల్లేవు, లోయల్లేవు. అంతా ఒక్క ముద్ద. అక్కడే స్టూలు మీద కూర్చుని ఏడ్చేసేను. అరవయ్యేళ్ళదాన్ని, చాక్లెట్టు కోసం.

వదిన కంగారు పడిపోయింది. "కరిగిపోద్దని నాకేటి తెల్సు? బెల్లం కరగదు కదా!" అని తనూ కూర్చుంది. మెల్లిగా అంది కదా: "ఇది ఆ ఫ్యాక్టరీ బాబు ఇచ్చిందేనా?" నేను ముద్ద మీద వెండికాగితం మళ్ళీ చుట్టేను. "మీ అన్నయ్యకి తెల్దులే. నాకు ఎప్పుడో తెల్సు. అడిగినోడికి అవుననో కాదనో సెప్పాల గానీ, సాకలెట్టు దాసుకుని కూకుంటే ఏటవుద్దమ్మా?"

స్టవ్వు కట్టేసి వినేది ఇన్నాళ్ళూ చాడీల కోసమనుకున్నాను. ఆవిడ నాకోసం వింటోందని ఆరోజు తెలిసింది.

ఆదివారం కామేశం గారింటికి వెళ్ళేను, మొదటిసారి. ముద్ద చూపించి జరిగింది చెప్పేను. అటక మాట వినగానే పెద్దగా నవ్వేరు. ఆయన నవ్వగా నేను చూడ్డం అదే మొదలు. తరవాత నవ్వాపి, "అయితే ఇంక లెక్కపెట్టడానికి లేదు కదండి. అయిపోయినట్టేనా?" అన్నారు. బల్లమీద భూతద్దాన్ని ఊరికే అటూ ఇటూ జరుపుతున్నారు. జూలై నెలాఖరుకి ఈ ఇల్లు అద్దెకిచ్చేసి విజయనగరంలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతారట. "మీరు ఉండమంటే ఉంటాను" అన్నారు.

నేను అన్నాను: "అయిపోలేదండి. ఇంకా మూడు ముక్కలు కొండమీద ఉన్నాయి."

ఔను దుర్గా. ఉన్నాయి. నువ్వు తినలేదు.

ఇందులో జీడిపప్పు లేదే. ఒక్క పలుకు కూడా లేదు. నోట్లో పెట్టుకోగానే జారిపోదు. ముందు దాని మూల అంగిట్లో గుచ్చుకుంటుంది. కొరక్కుండా ఆగితే అంచులు మెల్లిగా మెత్తబడతాయి, పాల తీపి దిగుతుంది. ఇంతేనా అనుకునే లోపు నాలిక్కి ఇసకలాగ గరగరమని తగులుతుంది. అది తేనె పాకం, బాదంపప్పు వేసి ముదురుగా పట్టి నలక్కొట్టిన పలుకులు. అవి పోయి దవడ పళ్ళకి అంటుకుంటాయి. చాక్లెట్టు మింగేసినా అవి మింగుడు పడవు. అరగంట నాలికతో తోసుకుంటూ ఉండాలి. తిన్నవాళ్ళెవరూ గుటుక్కున దిగిందని రాయరు.

నీ మొదటి ఉత్తరంలోనే నాకు అనుమానం వచ్చింది. పళ్ళకి అంటుకుందా అని అందుకే అడిగేను. నలభై ఏళ్ళలో నువ్వు నాతో అబద్ధం ఆడటం నేనెరగను. ఎందుకు తినలేదు? అదొక్కటీ రాయి.

వల్లి


చోడవరం,
జూన్ 20.

దుర్గా,

కార్డు కాబట్టి వివరాలు రాయను, మా పోస్టుమాన్ చదివి మరీ ఇస్తాడు. నేను అడిగిన దానికి జవాబు రాలేదు. రోజూ మీ కొండల టపా సంచీ నేనే విప్పుతున్నాను. అడుగుదాకా చెయ్యి పెట్టి వెతుకుతున్నాను. ఒంట్లో బాగుందా? అదైనా రాయి.

వల్లి


జి. మాడుగుల,
జూన్ 29.

వల్లీ,

ఒంట్లో బాగానే ఉంది. రాయడానికి మనసు రాలేదు.

తినలేదు. మూడూ డబ్బాలోనే ఉన్నాయి.

నోరు తీపి లెక్కలోకి రాదని నీకు కొట్టిపారేసినట్టు రాసేను కదా. నాకు మాత్రం లెక్కలోకి వచ్చింది. ఆయన తెచ్చిన తీపి, నువ్వు మింగిన తీపి, అది నేనూ తింటే ఒప్పుకున్నట్టే కదా. చెయ్యి డబ్బాదాకా వెళ్ళింది, మూత తీసింది, మళ్ళీ పెట్టేసింది. ఒకసారి కాదు. సెలవులన్నాళ్ళూ ఇదే పని. తినడం నా వల్ల కాదని మొదటిరోజే తెలిసి, తినేసేనని అబద్ధం రాసేను. రాస్తే నువ్వు దాని గురించి అడగవనుకున్నాను. బాదంపప్పు సంగతి నాకేం తెలుసు?

నువ్వు చోడవరంలో అందరి మధ్యా ఉన్నావు. తిట్టడానికైనా వదిన ఉంది. మే నెల్లో ఈ హాస్టల్ ఎలా ఉంటుందో నీకు తెలీదు. ఎనభై ఇనప మంచాలు, పరుపులు చుట్టేసి ఉంటాయి. బంగార్రాజు పొద్దున్న గేటు తీసి, సాయంత్రం మూస్తాడు. మధ్యలో నాతో మాట్లాడే మనిషి ఉండడు. ఇన్నాళ్ళూ అదేమీ నాకు కష్టంగా లేదు. ఎందుకంటే ఆగస్టు ఒకటి ఉంది కదా అనుకునేదాన్ని. మా ఆయన పోయేక ఎలా ఉన్నావని నన్నెవరైనా అడిగితే, నాకు చోడవరంలో ఇల్లుంది అనేదాన్ని. ఇల్లు లేదు, నువ్వున్నావు. రెండు కుర్చీలున్నాయి. అంతే నాకున్నది.

అది పోతుందని భయం వేసి నిన్ను తిట్టేను. నర్సీపట్నం సంగతి తీసేను. ఆ మాట కలంలోంచి వచ్చినప్పుడే చెయ్యి ఆపాల్సింది. ఆయనకి బీపీ ఉంటే నాకు లేదా? నాకు షుగరు లేదన్న మాటే గానీ మోకాళ్ళున్నాయా? నన్ను చూసుకోడానికి నువ్వు కావాలి, ఆయన్ని చూసుకుంటే నర్సువా? నా బుద్ధికి నాకే సిగ్గేసింది.

నాకోసం ఆగకు. ఆయనకి చెప్పెయ్యి. నేను విశాఖపట్నంలో ఆడవాళ్ళ హాస్టలేదో చూసుకుంటాను. హాస్టళ్ళు నాకు అలవాటే.

రేపు ముప్ఫై ఆదివారం కదా, ఈరోజే నువ్వు ఆఫీసులో ఆఖరిసారి ముద్ర కొట్టి ఉంటావు. తారీఖు సరిగ్గా వేసేవా?

దుర్గ


చోడవరం,
జూలై 8.

ఒసే దుర్గా,

తారీఖు సరిగ్గానే వేసేను. ఆఖరి ముద్ర ఒక కవరు మీద కొట్టి కామేశం గారికి ఇచ్చేను, స్టాంపులు దాచుకునే మనిషి కదా. భూతద్దం తీసి చూసేరు. నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చేయి.

రిటైరైన నాటి నుంచీ ఇంట్లో నిలవలేకపోతున్నాను. పొద్దున్న తొమ్మిదయ్యేసరికి చీర మార్చుకుని వీధిలోకి వచ్చేస్తున్నాను. వదిన "ఎక్కడికమ్మా?" అంటే చెప్పడానికి లేదు. వెనక్కొచ్చి మేడమీదికి పోయి కుర్చీల మీద దుప్పటి తీసి, దులిపి, మళ్ళీ కప్పుతున్నాను.

ఇప్పుడు సూటిగా రాస్తాను. నాకు ఆయన కావాలి. ఈ మాట ఆయనతో కూడా అనలేదు, మొదట నీకే రాస్తున్నాను. నువ్వూ కావాలి. అందుకని నీ విశాఖపట్నం హాస్టల్ మాట నా దగ్గర ఎత్తకు, చంపేస్తాను. ఒకరిని తీసేసి ఇంకొకరిని ఉంచుకోమని నన్ను అడక్కు. నేను చెయ్యను. నా వల్ల కాదు.

ఆయనతో నీ సంగతి అంతా చెప్పేను, జీడిపప్పుతో సహా. మన గుట్టు బయట పెట్టేనని తిట్టుకుంటే తిట్టుకో. ఆయన ఒకటే అన్నారు: "ఆవిడ కిటికీ వైపు అన్నారు కదండి. పైన ఎండ ఏ కిటికీలోంచి రాదో ఒకసారి చూడాలి." వారం రోజులుగా పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం పైకెక్కి ఎండ ఎక్కడ పడుతోందో సుద్దతో గీతలు గీస్తున్నారు. లాబ్ పరీక్ష అన్నావు కదా, చూడు మరి. ఇంకో మాట కూడా అన్నారు. పైవాటా మెట్లు బయటినుంచి ఉన్నాయి, ఆవిడ ఎవరినీ అడక్కుండా ఎక్కొచ్చు, దిగొచ్చు, మనమే అడిగి ఎక్కాలి అని.

జూలై నెలాఖరు దాకా ఆగుతారు. ఆ తరవాత విజయనగరం. మూడు ముక్కలూ నీ దగ్గరున్నాయి. నీకు తినాలని లేకపోతే పారేసి, పారేసేనని రాయి. నేను ఆయనకి కాదని చెప్పేస్తాను. నీ మీద కోపం పెట్టుకోను, ఆగస్టు ఒకటిన బస్టాండులో ఉంటాను. కానీ తినకుండా తిన్నానని మాత్రం మళ్ళీ రాయకు. చదవగానే నాకు తెలిసిపోతుంది.

నీ
వల్లి


జి. మాడుగుల,
జూలై 17.

ఒసే వల్లీ,

నిన్న మధ్యాహ్నం పిల్లలు బళ్ళో ఉండగా, వంటింటి మెట్లమీద డబ్బా పెట్టుకుని కూర్చున్నాను. వాన పడుతోంది. మూత తీసేసరికి ముక్కల మీద తెల్లగా బూడిదలాంటి పొర. పాడైపోయింది, పీడా పోయింది అనుకున్నాను ముందు. ఒకటి తీసి కొంగుతో తుడిచి వాసన చూసేను. పాడవలేదు. కొండ కొండలాగే ఉంది. ఇక్కడి చలికి నా దగ్గరైతే కరగలేదు చూడు.

నోట్లో వేసుకున్నాను. మూల అంగిట్లో గుచ్చుకుంది. ఆ పొర వల్లనేమో మొదట్లో మైనంలాగ చప్పగా ఉంది. దీనికోసమా మూడు నెలలు ఇద్దరం కొట్టుకు చచ్చేం అనిపించింది. ఉమ్మేద్దామా అని కూడా అనుకున్నాను. ఆగేను. అప్పుడు మెత్తబడింది. పాలు మరగ్గాచినట్టు ఒక తీపి వచ్చింది, మెల్లిగా, అడుగునుంచి. ఆ తరవాత నువ్వు రాసిన ఇసక. నువ్వు బాదంపప్పు అన్నావు గానీ నాకు ముందు తేనే తగిలింది. మా ఏజెన్సీ తేనెలాగ చేదు లేదు, మర్యాదస్తుల తేనె. నమిలితే కరుక్కుమంది. కిందటేడు కుడిపక్క దవడపన్ను పీకించుకున్నాను కదా, ఒక పలుకు పోయి ఆ సందులో కూర్చుంది.

ఏడుపొచ్చింది. చాక్లెట్టు బాగుండి కాదు. నువ్వు గోడవైపు తిరిగి పడుకున్న ఆ ఏడాది, నీ నోట్లో తీపి ముక్క పెట్టినప్పుడు, ఇది మళ్ళీ నవ్వితే చాలు దేవుడా అనుకున్నాను. అంతే అడిగేను. తరవాత నువ్వు నవ్వేవు, నాకు అలవాటైపోయింది, నీ నవ్వు నాదే అనుకున్నాను.

ఆయన సుద్దగీతలు గీస్తున్నాడని చదివి నవ్వొచ్చింది. పడమటి కిటికీ వద్దని చెప్పు. మూడో కుర్చీ మీరు కొనకండి, నేను చూసి బేరమాడాలి. మెట్లు బయటినుంచి ఉన్నాయన్న మాట ఆయన తనంతట తానే అన్నాడా, నువ్వు అనిపించేవా? నిజం చెప్పు. తనంతట తానే అని ఉంటే, మెడదాకా గుండీ పెట్టుకున్నా పరవాలేదు.

మీ అమ్మ లేదు, ఆవిడ మేనత్తా లేదు. నీకన్నా రెండేళ్ళు పెద్దదాన్ని నేనే. అంటే ఆడపిల్ల తరపు పెద్దావిడని నేనే కదా. మీ అచ్చియ్యమ్మ వదినకి పోటీ లేదని చెప్పు, బెల్లం ఆవిడ పెడుతుంది, ఇది నేను పెడతాను.

ఇరవయ్యెనిమిది ఆదివారం. బంగార్రాజుకి హాస్టల్ అప్పగించి మొదటి బస్సుకి వస్తున్నాను. ఆయన్ని ఆరోజు ఇంట్లో ఉండమను. రెండు ముక్కలు మిగిలేయి. డబ్బా ఒళ్ళోనే పెట్టుకుని వస్తాను, మధ్యలో ఎవరి అటకా ఎక్కనివ్వను.

ఈ ఉత్తరం ఇవాళ పొద్దున్న రాస్తున్నాను. పన్ను సందులో తేనె పలుకు ఇంకా ఉంది. నాలికతో తోస్తే రావటం లేదు, నేనూ గట్టిగా తొయ్యటం లేదు.

నేనొచ్చేదాకా ఇద్దరూ ఏ తీపీ నోట్లో వేసుకోకండి.

దుర్గ